దీవి మీద బిస్సీ

"కాయిల్ పొయ్యి పెట్టినవా?"

రాజమణి సంచీ జిప్పు లాగుతుంటే గుమ్మంలో నిలబడి ఆమె భర్త సిద్ధిరాములు అడిగాడు. పెట్టానంది. కుక్కర్ పెట్టినవా అన్నాడు. అదీ పెట్టింది. చింతపండు, కారప్పొడి, జొన్నపిండి, మామిడికాయ తొక్కు, ఒక డబ్బా సకినాలు, అన్నీ పెట్టింది. తన చీరెలు మాత్రం ఇంకా మంచం మీదే ఉన్నాయి. సంచీలో చోటు మిగల్లేదు.

"పెద్ద గంజు?"

"గంజెందుకు? అది ఏ సంచీల పడ్తది?"

"ఆరుగురం తినాలె గదా. చిన్నదాంట్ల రెండుసార్లు వండుతవా?" అన్నాడు. ఆమెకేదో మేలు చేస్తున్నట్టే ఇంట్లోకి వండే అల్యూమినియం గంజును తనే గోనెసంచీలో వేసి, సుతిలితో మూతి కట్టాడు.

అట్లా భివండి నుంచి అండమాన్‌కు వాళ్ళ విహారయాత్ర బయలుదేరింది. అది రెండు వేల మూడో సంవత్సరం.

నూలు అమ్మే సేఠ్ ఆ ఏడు తన పాత గిరాకీల్లో ముగ్గురిని, భార్యలతో సహా, దీవులకు పంపుతానన్నాడు. సిద్ధిరాములు, అతని దోస్తు పర్శరాములు, ఇంకొక కార్ఖానా యజమాని మల్లేశం. సేఠ్ ఇచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. నీళ్ళ కింద ఎర్రవీ పచ్చవీ పగడాలు, వాటి మధ్య చారల చేపలు. రాజమణి కూతురు కాజల్ ఆ పేజీ చింపి ఫ్రిజ్ మీద అంటించింది. "నువ్వు గూడ వస్తున్నవ్" అని సిద్ధిరాములు చెప్పినప్పుడు రాజమణికి ముందు అర్థం కాలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన వెంట ఆమె పోయినవి ఊళ్ళో పెళ్ళిళ్ళు, చావులు, అంతే. ఆ రోజంతా రొట్టెలు చేస్తూ ఫ్రిజ్ వైపు చూసింది. ఆయనకు నా మీద ఇంత మనసు ఎప్పుడు కలిగింది? నాకెందుకు తెలియలేదు? నేను సరిగ్గా చూడలేదా? తప్పు నాదేనేమో అనుకుంది. ఆ సాయంత్రం పర్శరాములు చాయ్ తాగడానికి వచ్చి నవ్వుతూ అన్నాడు: "వదిన వస్తెనే నేను వస్త అన్న. ఆడ చేపల వాసన తప్ప ఏముండదట. మన నోటికి పట్టాలె గదా." సిద్ధిరాములు కూడా నవ్వాడు. రాజమణి చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. సంతోషం పోయిందా అంటే పోలేదు. ఉందా అంటే ఎక్కడుందో తెలియలేదు.

ఆమె చేతి వంట గురించి అందరూ మంచిగానే చెప్తారు. ఎందుకు చెప్పరు? వాళ్ళింట్లో బిస్సీ నడుస్తుంది. బిస్సీ అంటే కార్ఖానాల్లో పనిచేసే ఒంటరి మగవాళ్ళకు ఇంట్లోనే వండిపెట్టడం. దినపాళీ వాళ్ళు ఒక పూట, రాత్రిపాళీ వాళ్ళు ఒక పూట వచ్చి బారుగా కూర్చుంటారు. ఆ బిస్సీ మొదలుపెట్టింది అత్త పెంటవ్వ. సిద్ధిరాములుకు కార్ఖానా లేని రోజుల్లో ఇల్లు నిలబెట్టింది అదే. పెళ్ళికి ముందు పర్శరాములు కూడా అక్కడే తిన్నాడు. రాజమణి కోడలుగా వచ్చాక గరిటె చేతులు మారింది. పైసలు వసూలు చేసే పని మాత్రం మారలేదు, అది మొదటి నుంచీ సిద్ధిరాములుదే.

వారానికి ఒక్క పూట, శుక్రవారం రాత్రి, బిస్సీ బంద్. ఆ సంగతి ఎవరికీ నోటితో చెప్పరు. బిస్సీ అన్నం వండే ఇంకా పెద్ద గంజును కడిగి గుమ్మంలో కడప మీద బోర్లిస్తారు. పాళీ దిగి వచ్చినవాళ్ళు దాన్ని చూసి వెనక్కు తిరిగి హోటల్‌కు పోతారు. ఎంత ఆకలితో ఉన్నా అడగరు. "గంజు బోర్లిస్తే అడగొద్దు, గది బిస్సీ కట్టుబాటు" అని పెంటవ్వ కొత్త కోడలికి నేర్పింది. "మొగోళ్ళతోని మాట్లాడి గెలుస్తమా? గంజే మాట్లాడాలె." అప్పుడు రాజమణి అడిగింది: "మరి ఇయ్యాల మనం గూడ వండుకోమా అత్తా?" పెంటవ్వ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "పిచ్చిదానా, ఇంటోళ్ళకు గంజు బోర్లిస్తరానే?" ఆ మాట చుట్టపక్కాలందరికీ చెప్పి చాలాకాలం నవ్వించింది.

కళ్యాణ్‌లో రైలెక్కి మద్రాసు పోయారు. అక్కడ ఓడ ఎక్కారు. ఓడలో వండటానికి లేదు. పొయ్యి వెలిగిస్తే ఒప్పుకోరని తెలిసి మగవాళ్ళు ముఖాలు చిట్లించారు. పళ్ళెంలో పెట్టిన అన్నం, సాంబారు రాజమణి తింది. తను వండనిది, వేడిగా ఉన్నది. అది బాగుందా లేదా అని తేల్చుకోలేకపోయింది. ఇంట్లో ఆమె రుచి చూసేది అరచేతిలో వేసుకుని. ఉప్పు సరిపోయిందా, వాళ్ళకు నచ్చుతుందా, అని చూసుకోవడం. తన నోటికోసం చూసుకోవడం వేరే పని. తినడం అయ్యాక ఆరుగురి పళ్ళాలూ ఎత్తుకుని కడగడానికి నల్లా వెతుకుతుంటే ఓడలో పనిచేసే అతను "దీదీ, రఖ్ దో, రఖ్ దో" అని లాక్కున్నాడు. చేతులు ఖాళీ అయ్యాయి. డెక్కు మీదికి పోయి నిలబడింది. ఎటు చూసినా నీళ్ళు. చూస్తే ఏదో అనిపించాలి కదా, జనం ఇంత దూరం వచ్చి చూస్తారు కదా, నాకేం అనిపిస్తోంది అని తనను తాను అడిగింది. చెవుల్లో సాంచాల చప్పుడు లేకపోవడం ఒక్కటే తెలిసింది. భివండిలో పొద్దూ మాపూ మరమగ్గాలు కొట్టుకుంటూనే ఉంటాయి. ఆ చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ అందరూ అరిచినట్టే మాట్లాడతారు. ఓడలో వాళ్ళ ఆరుగురి మాటలే పెద్దగా వినబడుతుంటే పక్కవాళ్ళు తిరిగి తిరిగి చూశారు.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి చిన్న పడవలో ఇంకో దీవికి తీసుకుపోయారు. దారంతా నీళ్ళలోనే వేళ్ళు దించుకుని నిలబడ్డ చెట్లు. దిగాక కొబ్బరితోటలు, వాటి వెనక తల ఎత్తితేగాని కొన కనబడని అడవి చెట్లు. ఇసుక పిండిలాగ తెల్లగా ఉంది. బెంగాలీలు, తమిళులు, రాంచీ నుంచి వచ్చినవాళ్ళు, ఎవరికి వాళ్ళు ఇళ్ళల్లో ఒక మాట మాట్లాడుకుని, బజారులోకి వచ్చి అందరూ హిందీ మాట్లాడుతున్నారు. అచ్చం భివండిలాగే. రాజమణికి అది నచ్చింది. నచ్చింది అని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

లాడ్జి వెనక వరండాలో ప్లగ్గు ఉంది. సిద్ధిరాములు దాన్ని చూసి "ఇగో, మంచి జాగ దొరికింది" అన్నాడు. గోనెసంచీ విప్పాడు.

అంతే, అక్కడ బిస్సీ మొదలయింది. పొద్దున ఉప్మా, చాయ్. మధ్యాహ్నానికి అన్నం, పప్పు, పచ్చిపులుసు. రాత్రికి రొట్టెలు. పర్శరాములు భార్య జమున ఉల్లిగడ్డలు కోసి ఇచ్చి, "అక్కా, నీ పచ్చిపులుసు లేకుంటె మా ఆయనకు ముద్ద దిగది, నిజం" అని చేతులు కడుక్కుని, చీరె మార్చుకుని, జీపెక్కేది. ఆమెను చూస్తే కోపం రాలేదు. జమున ఇంట్లో జమున ఇదే పని చేస్తుంది కదా, ఇక్కడన్నా తిరగనీ, అనుకుంది. మళ్ళీ, మరి నేను, అనుకుంది. జమున తిరిగితే నేను వండాలి, నేను తిరిగితే జమున వండాలి, ఈ లెక్క ఎవరు కట్టారు? మగవాళ్ళు ఈ లెక్కలో ఎందుకు లేరు? లేరని ఇన్నాళ్ళూ నాకెందుకు కనబడలేదు? అంతలో కుక్కర్ కూత పెట్టింది.

మొదటి రోజు వాళ్ళు గుహలు చూసి వచ్చారు. "ఏమున్నయ్, చీకటి" అన్నాడు సిద్ధిరాములు. రెండో రోజు బురద ఉడికే గుంట చూసి వచ్చారు. "నీ గంజుల అంబలి ఉడికినట్టె ఉన్నదే, నువ్వు రోజు చూస్తున్నదే" అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆయన ఏం చూసి వచ్చినా అది తనకు తెలిసిందే అని చెప్పేవాడు. విన్నకొద్దీ ఆమెకు అనుమానం వచ్చేది. నిజంగానే అంతేనా? అంతే అయితే ఈయన ఎందుకు పోతున్నట్టు?

ఒక పూట మిరపకాయలు అయిపోతే బజారుకు తనే పోయింది. సముద్రం ఒడ్డున నడిచింది. అలలు వెనక్కు తగ్గిన తడి ఇసుక మీద చిన్న చిన్న ఎండ్రకాయలు ఇసుకను ఉండలు చేసి వరుసలు పేర్చి ఉన్నాయి. దగ్గరకు పోయి చూస్తే జాకెట్ గుడ్డ మీద బుటాల్లాగ ఉన్నాయి. ఒక అల వచ్చి మొత్తం తుడిచేసింది. ఎండ్రకాయలు మళ్ళీ మొదలుపెట్టాయి. వీటికి విసుగు రాదా అనుకుంది. లేక వాటికి ఇష్టమేమో. ఇష్టంతో చేసే పనీ, అలవాటుతో చేసే పనీ చూసేవాళ్ళకు ఒక్కలాగే కనబడతాయి. చేసేవాళ్ళకన్నా తెలుస్తుందా?

పడవల రేవు పక్కన తాటాకుల కింద ఒక చిన్న హోటల్. లోపలి నుంచి తెలుగు వినబడింది. యాస వేరు, కాని తెలుగే. హోటల్ నడిపే ఆమె పేరు పైడమ్మ. వాళ్ళ అమ్మానాన్నలు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చారట. ఆమె పుట్టింది దీవిలోనే. కొబ్బరిపాలు పోసి ఉడికిస్తున్న రొయ్యల వాసన వస్తోంది. పక్కన అరిటాకులో చుట్టి కాల్చిన చేప, పచ్చికొబ్బరి పచ్చడి.

"కూకోమ్మా. ఏటి తింతావు?" అంది పైడమ్మ.

రాజమణి కూర్చుంది. అడిగిన మాట చిన్నదే. ఈ మాట తనను ఎవరైనా అడిగారా అని వెతికింది. 'ఏం వండినవ్' అని అడిగారు. 'ఏమన్న మిగిలిందా' అని అడిగారు. సర్వపిండి చేస్తే మాడిన అంచు తనే తింటుంది. "రాజమణికి మాడిందే ఇష్టం" అని ఇంట్లో అంటారు, తనూ అంటుంది. అది ఇష్టమా? మిగతాది ఎప్పుడైనా తిని చూసిందా? అమ్మగారింట్లో ఉన్నప్పుడు ఏదో ఇష్టం ఉండే ఉంటుంది. ఏమిటది? పేరు గుర్తురాలేదు, ముఖం గుర్తున్న మనిషి పేరు రానట్టు.

"ఏదైనా సరే" అంది చివరికి.

"ఏదైనా అన్న కూర నేదమ్మా మా కాడ" అని పైడమ్మ నవ్వింది. ఎగతాళిగా కాదు. రాజమణికి ముఖం వేడెక్కింది. వంటకు ఆలస్యమవుతోందని చెప్పి, మిరపకాయలు అడిగి తీసుకుని లేచి వచ్చేసింది.

మరునాటి సాయంత్రం బజారులోని ఫోన్ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేసింది. కాజల్ ఎత్తింది.

"మమ్మీ! ఖరం సాంగ్, నిజం చెప్పు, పగడాలు చూసినవా? ఫోటోల ఉన్నట్టె రంగులుంటయా?"

"ఇంకా చూడలేదు బిడ్డా. రేపు పడవ ఉన్నది. కింద అద్దం ఉంటదట, అండ్లకెంచి చూస్తరట."

"మరి ఇన్ని దినాలు ఏం చూసినవ్? ఏం తిన్నవ్?"

"నువ్వు చెప్పు. బడికి పోతున్నవా?"

"కుఠే! యాడ పోతున్న? నువ్వొచ్చేదాంక రొట్టెలు నన్నే చెయ్యమన్నది నానమ్మ. అందరు మంచిగున్నయ్ అంటున్నరు మమ్మీ. అచ్చం మీ అమ్మ చేతులే అంటున్నరు."

కాజల్ గొంతులో గర్వం ఉంది. దానికే రాజమణి భయపడింది. తనను మొదట మెచ్చుకున్న రోజు తనూ ఇట్లాగే పొంగిపోయింది.

తెల్లవారి అందరూ తయారయ్యారు. అద్దం పడవలు రేవు నుంచే పోతాయి, ఒకటి తర్వాత ఒకటి. మరునాడు తిరుగు ప్రయాణం. రాజమణి కూడా తల దువ్వుకుని, ఉన్న రెండు చీరెల్లో మంచిది కట్టుకుంది. సిద్ధిరాములు ఆమెను చూసి ఆగాడు.

"నువ్వు గూడ వస్తె వంటెట్లనే? నీళ్ళల్ల దిగి వస్తె ఆకలి మండుతది."

"వచ్చినంక వండుత."

"వచ్చినంక వండితె ఎప్పుడు తినాలె? పగడాలంటె ఏందే, రాళ్ళు. రాళ్ళు చూస్తందుకు ఇంత ఆరాటమా? మొన్న బీచ్ చూసినవ్ గదా."

అందులో కోపం లేదు. పిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పాడు. జమున ఏదో అనబోయి చెప్పుల వైపు చూసుకుంది. పర్శరాములు "వదినా, ఇయ్యాల జెర కారం తక్కువెయ్యి, కడుపుల మండుతున్నది" అన్నాడు. ఐదుగురూ రేవు వైపు నడిచిపోయారు.

రాజమణి బియ్యం కడిగింది. గంజును పొయ్యి మీద పెట్టి నీళ్ళు పోసింది. ఏడుపు వస్తుందేమో అని చూసింది, రాలేదు. కోపమేమో అనుకుంది, అది కూడా సరిగ్గా కోపంలాగ లేదు. రాళ్ళే కావచ్చు. ఆయన అబద్ధం చెప్పడు. కాని ఆయన ఇంకా చూడలేదు కదా. చూడకుండానే రాళ్ళని ఎట్లా తెలిసింది? అవి రాళ్ళే అయినా, రాళ్ళే అని నేను చూసి అనుకోవాలి. ఇంటికి పోతే కాజల్ అడుగుతుంది. మీ నాయిన చూసిండు, నన్నడగకు అని చెప్పాలా? ఇంత దూరం వచ్చి ఏం చూసినవ్ అంటే వరండా అని చెప్పాలా? ఆ పిల్ల ఇప్పుడు అక్కడ రొట్టెలు కొడుతుంటుంది. చేతులు కాలుతుంటాయి. బాగున్నయ్ అని ఎవరో ఒకరు అంటుంటారు.

గంజులో నీళ్ళు అడుగున చిన్న చిన్న బుడగలు కట్టాయి. ఆమె ప్లగ్గు తీసింది. నీళ్ళు పారబోసింది. గంజును తుడిచి, ముందు వైపు తీసుకుపోయి, గది కడప మీద బోర్లించింది.

బోర్లించాక తనే రెండడుగులు వెనక్కు వేసి చూసింది. పరాయి ఇంటి ముందు గంజులాగ ఉంది. ఇప్పుడు నేను చేసింది ఏమిటి? మళ్ళీ ఎత్తి లోపల పెడితే ఎవరికీ తెలియదు. చేయి ముందుకు పోయింది కూడా. తర్వాత ఆ చేత్తోనే కొంగు దోపుకుని రేవు వైపు నడిచింది.

దారిలో ఫోన్ బూతు తీసి ఉంది. ఈసారి పెంటవ్వ ఎత్తింది.

"అత్తా, ఇయ్యాల గంజు బోర్లించున్రి. కాజల్ బడికి పోవాలె."

"ఏందే? ఇయ్యాల మంగళారమే!"

"ఔ. మంగళారమే."

రాజమణి ఫోన్ పెట్టేసింది. అత్త వింటుందో వినదో తెలియలేదు.

రెండో పడవ ఎక్కి ఒక బెంగాలీ కుటుంబం పక్కన కూర్చుంది. పడవ అడుగున అద్దం గీతలు పడి ఉంది. ముందు తన ముఖమే కనబడింది. తర్వాత ముఖం వెనక నుంచి పగడాలు వచ్చాయి. పుస్తకంలో బొమ్మలాగ లేవు. మట్టిరంగు, బూడిదరంగు. ఒకటి గోబీ పువ్వులాగ, ఒకటి పిండి ముద్ద మీద వేళ్ళు గుచ్చినట్టు. ఇదేనా అనుకుంది. ఆయన చెప్పినట్టు రాళ్ళే. అంతలో ఒక రాయి మీది నుంచి సన్నటి వేళ్ళలాంటివి బయటికి వచ్చి, నీళ్ళతోపాటు ఊగి, మళ్ళీ లోపలికి పోయాయి. ఆమె వంగింది. మళ్ళీ వచ్చాయి. "జిందా హై క్యా?" అని పడవ నడిపే అతన్ని గట్టిగా, సాంచాల మధ్య అరిచినట్టు అడిగింది. అందరూ తిరిగి చూశారు. "హాఁ, జిందా హై" అన్నాడతను. రాయి అని చెప్పినది బతికే ఉంది, తింటోంది, ఊపిరి పీలుస్తోంది. దానికి సంతోషపడాలో, ఏడవాలో, ఇన్నాళ్ళకు చూసినందుకు సిగ్గుపడాలో తెలియక అద్దం మీద అరచేయి ఆనించి కూర్చుంది.

తిరిగి వచ్చేసరికి ఐదుగురూ గది ముందు నిలబడి ఉన్నారు. కడప మీద గంజు అట్లాగే ఉంది. ఎవరూ దాన్ని ముట్టలేదు. దాటి లోపలికి కూడా పోలేదు.

"ఏందిది?" అన్నాడు సిద్ధిరాములు. ఆయన గొంతులో కోపంకన్నా బిత్తరపాటే ఎక్కువుంది. "ఆకలై చస్తున్నం. అన్నమేది?"

రాజమణి వంగి తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంది.

"నిన్నే అడుగుతున్న. మేం బిస్సీల తినెటోళ్ళమా నీకు? ఇంటోళ్ళం గాదా?"

పర్శరాములు గంజును చూశాడు, ఆమెను చూశాడు. మెల్లగా చెప్పులు తొడుక్కున్నాడు. "అన్నా, గంజు బోర్లిస్తె అడగొద్దు. మీ అమ్మనే చెప్పింది నాకు. నడువు, బయట తిందాం." జమున ముందుగా నడిచింది. పోతూ పోతూ రాజమణి చేయి ఒకసారి పట్టుకుని వదిలేసింది. సిద్ధిరాములు అందరికన్నా వెనక వచ్చాడు.

పైడమ్మ హోటల్‌లో బల్ల చుట్టూ కూర్చున్నారు. పైడమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏటి తింతారమ్మా?"

"అందరికి అన్నం, పప్పు పెట్టు" అన్నాడు సిద్ధిరాములు. తర్వాత రాజమణి వైపు చూడకుండా, ఎప్పటిలాగే, "ఆమెకు ఏదైనా నడుస్తది" అన్నాడు.

"నడ్వది" అంది రాజమణి.

ఆమె పైడమ్మ వైపు తిరిగింది.

"నాకేం ఇష్టమో నాకు తెల్వదు అక్కా. నీ తాన ఏమేమున్నయో అన్నీ చెప్పు. ఒక్కోటి మెల్లగ చెప్పు. ఇని చెప్త."